నొప్పి లేని ఊదా మచ్చలు: కారణాలు, వాదాలు, తేలని లెక్కలు

చేతి మీదో పిక్క మీదో వంకాయ రంగు మచ్చ కనబడుతుంది. దెబ్బ తగిలిన గుర్తు లేదు. నొక్కితే నొప్పి లేదు, దురదా లేదు. ఇంట్లో ఒకరు వేడి చేసిందంటారు. ఇంకొకరు రక్తం పలచబడిందంటారు. మూడోవారు ఫోన్‌లో వెతికి రక్త క్యాన్సర్ దగ్గర ఆగిపోతారు. తీరా ఆసుపత్రికి వెళ్తే అక్కడా ఒకే మాట వినబడదు. ఒక డాక్టరు వారం ఆగి చూద్దామంటారు, మరొకరు ఆ పూటే మూలుగ పరీక్ష రాస్తారు. ఇద్దరి వెనకా పెద్ద పెద్ద వైద్య సంప్రదాయాలే ఉన్నాయి, ఇద్దరి చేతిలోనూ అధ్యయనాలు ఉన్నాయి.

నొప్పి లేదన్న సంగతి ఈ వివాదంలో పెద్దగా అక్కరకు రాదు. ముసలివాళ్ల ముంజేతుల మీద వచ్చే నిరపాయకరమైన మచ్చకు నొప్పి ఉండదు. లుకేమియా తొలి చుక్కలకూ ఉండదు. మచ్చ రంగూ అంతే, రెండు చోట్లా ఒకటే. తేడా తెలియాలంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి: రక్తం ఎందుకు బయటికొచ్చింది, మచ్చ చేతికి తగులుతోందా, తోడుగా జ్వరం ఉందా, నోట్లో ముక్కులో కూడా రక్తం కనబడుతోందా. వైద్యులు రెండు శతాబ్దాలకు పైగా వాదించుకున్నవి ఈ ప్రశ్నల చుట్టూనే.

ముందు గాజుగ్లాసు

ఖర్చు లేని మొదటి పరీక్ష ఇది. పారదర్శకమైన గాజుగ్లాసు పక్కభాగాన్ని మచ్చ మీద ఆనించి గట్టిగా అదిమి, గాజులోంచి చూడాలి. రంగు పాలిపోతే రక్తం ఇంకా నాళాల్లోనే ఉన్నట్టు. దద్దుర్లు, మామూలు వైరల్ జ్వరాల పొక్కులు చాలావరకు ఈ కోవలోవి. అదిమినా రంగు చెక్కుచెదరకపోతే రక్తం నాళం దాటి చర్మంలోకి చేరిందన్నమాట. దీన్నే పర్‌ప్యూరా అంటారు. గుండుసూది తలంత చుక్కలైతే పెటీకియా అనీ, సెంటీమీటరు దాటిన కమిలిన మచ్చ అయితే ఎకిమోసిస్ అనీ పేర్లు.

ఊదాగా కనబడేదల్లా రక్తం కాదు. మన దగ్గర చాలా తరచుగా కనబడేది మందు పడకపోవడం వల్ల వచ్చే మచ్చ. కో-ట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్, కొన్ని నొప్పి మాత్రలు వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో తొడ మీదో సరిగ్గా అదే చోట గుండ్రంగా ముదురు ఊదా మచ్చ లేస్తుంది. మంట తగ్గాక నల్లటి గుర్తు నెలల తరబడి మిగిలిపోతుంది. లైకెన్ ప్లేనస్ అనే చర్మవ్యాధి మచ్చలూ ఊదా రంగువే గానీ వాటికి దురద ఎక్కువ. పసిపిల్లల నడుం కింద ఉండే నీలి మచ్చ పుట్టుకతో వచ్చేది, భారతీయ శిశువుల్లో సర్వసాధారణం. విదేశాల్లో దాన్ని దెబ్బగా పొరబడి తల్లిదండ్రులను అనుమానించిన సందర్భాలు వైద్య పత్రికలకెక్కాయి.

ఇక్కడొక చిక్కుంది. చర్మవ్యాధుల పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్ల చర్మం మీద తీసినవి. ఆ తెల్లదనం మీద కొట్టొచ్చినట్టు కనబడే ఎర్రచుక్క చామనఛాయ మీద మసగ్గా, నల్లని ఒంటి మీద అసలు కనబడకుండా ఉండొచ్చు. ఈ లోటు మీద లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే తన అధ్యాపకులతో కలిసి 2020లో 'మైండ్ ది గ్యాప్' అనే చేతిపుస్తకం తెచ్చాక చర్చ ఊపందుకుంది. మనలాంటి ఒళ్ల మీద ఈ చుక్కలు వెతకాల్సిన చోట్లు అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపలి భాగం, నోట్లో అంగిలి. మన పడకల పక్కన ఈ నాలుగు చోట్లూ చూడటం ఎంతవరకు అలవాటైందన్నది అనుమానమే.

పేర్లు పెట్టిన కాలం

జర్మనీలోని హానోవర్‌లో వైద్యుడైన వెర్ల్‌హోఫ్ 1735లో, ఒంటి మీద మచ్చలతో పాటు రక్తస్రావమయ్యే ఒక జబ్బును వర్ణించాడు. అప్పటికి ప్లేట్‌లెట్ల సంగతి ఎవరికీ తెలియదు. 19వ శతాబ్దం తొలి రోజుల్లో లండన్ వైద్యుడు రాబర్ట్ విల్లన్ చర్మ రోగాలన్నిటినీ కంటికి కనబడే తీరును బట్టి వరుసలో పెడుతూ పర్‌ప్యూరాకూ ఓ గది కేటాయించాడు. ఆయన శిష్యుడు బేట్‌మన్ 1818లో ముసలివాళ్ల చేతుల మీది మచ్చలను విడిగా గుర్తించాడు. 1837లో షోన్‌లైన్ అనే వైద్యుడు మచ్చలతో పాటు కీళ్లు వాచే పిల్లలను, తర్వాత ఆయన శిష్యుడు హెనోక్ అదే జబ్బులో కడుపునొప్పిని, మూత్రపిండాల దెబ్బను చూపించారు.

ఇదంతా కంటిచూపు వైద్యం. చూసినదాన్ని చూసినట్టు రాశారు, కారణం జోలికి పెద్దగా పోలేదు. ఆ అలవాటు ఇప్పటికీ వదల్లేదు. ఒకే జబ్బుకు నలుగురి పేర్లు, ఒకే పేరు కింద నాలుగు జబ్బులు. 1882లో ఇటలీ శాస్త్రవేత్త బిజోజెరో రక్తంలోని ప్లేట్‌లెట్లను, రక్తం ఆగడంలో వాటి పాత్రను స్పష్టంగా వివరించాక గానీ కారణాల మీద అసలు వాదన మొదలు కాలేదు.

తయారీ లోపమా, విధ్వంసమా

కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువని తెలిశాక ఎందుకు తక్కువన్న ప్రశ్న వచ్చింది. 1915లో ఫ్రాంక్ అనే జర్మన్ వైద్యుడు, మూలుగలో తయారీయే మందగించిందన్నాడు. మరుసటేడే ప్రాగ్ నగరంలో పాల్ కాజ్నెల్‌సన్ అనే వైద్య విద్యార్థి అడ్డం తిరిగాడు. తయారీ బాగానే ఉంది, ప్లీహమే వాటిని మింగేస్తోందన్నాడు. తన గురువును ఒప్పించి ఓ రోగికి ప్లీహం తీయించాడు. ప్లేట్‌లెట్లు చకచకా పెరిగాయి, మచ్చలు తగ్గాయి. ఆ ఒక్క ఆపరేషన్‌తో ఫ్రాంక్ వాదం దాదాపు మూలపడింది. తర్వాతి కొన్ని దశాబ్దాల పాటు ప్లీహం తీయడమే పెద్ద చికిత్స.

ప్లీహం వాటిని ఎందుకు మింగుతోందన్నది తేలడానికి మరో మూడున్నర దశాబ్దాలు పట్టింది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో యువ వైద్యుడు విలియం హారింగ్టన్ తన సహచరులతో మాట్లాడుకుని, ఈ జబ్బున్న ఒక మహిళ రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే అతని ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోయాయి, ఒంటి మీద చుక్కలు లేచాయి. వారం తిరక్కుండానే తేరుకున్నాడు. తర్వాత మరికొందరు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు, ఫలితం చాలావరకు అదే. రోగి రక్తంలో ప్లేట్‌లెట్ల మీద దాడి చేసే పదార్థం ఏదో ఉందని దీంతో తేలింది. అదే తర్వాత యాంటీబాడీ అని రుజువైంది. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందు ఈ ప్రతిపాదన పెట్టినా నిమిషంలో తోసిపుచ్చుతారు.

విధ్వంసవాదం గెలిచిందనే అందరూ అనుకున్నారు. ఐటీపీ అని మనం పిలిచే ఈ జబ్బుకు స్టెరాయిడ్లు, 1981లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఇంబాక్ మొదలుపెట్టిన ఇమ్యునోగ్లోబులిన్, రిటుక్సిమాబ్... అన్నీ దాడిని ఆపే మందులే. ఈలోగా కొత్త కొలతలు వచ్చాయి. చాలామంది రోగుల్లో తయారీ కూడా తగ్గిందని, అదే యాంటీబాడీలు మూలుగలోని తల్లికణాలనూ వదలడం లేదని అవి చూపించాయి. మూలుగను ఉసిగొల్పి ప్లేట్‌లెట్లు పుట్టించే రోమిప్లోస్టిమ్, ఎల్ట్రోంబోపాగ్ 2008లో అమెరికాలో అనుమతి పొందాయి, ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. అంటే దాదాపు వందేళ్ల తర్వాత ఫ్రాంక్ సగం గెలిచాడు. ఏ రోగిలో ఏ సగం ఎక్కువో ముందే చెప్పే పరీక్ష మాత్రం ఇంకా మామూలు ల్యాబుల దాకా రాలేదు. అందుకే మందు ఎంపిక నేటికీ ఒకటి వాడి చూసి, పని చేయకపోతే మరొకటి అన్న పద్ధతిలోనే నడుస్తోంది.

పొట్టలోని హెలికోబ్యాక్టర్ పైలోరీ సూక్ష్మజీవిని చంపితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని 1998లో ఇటలీ నుంచి వచ్చిన వార్త మరో ఉపకథ. జపాన్‌లో ఆ చికిత్స చాలామందికి పనిచేసింది, అమెరికాలో పెద్దగా చేయలేదు. ఎందుకన్నది స్పష్టం కాలేదు.

అంకెకు వైద్యమా, మనిషికి వైద్యమా

మామూలుగా మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. చర్మం మీద చుక్కలు సాధారణంగా ముప్పై, ఇరవై వేల కిందికి దిగాకే లేస్తాయి. దానంతటదే ప్రాణాంతక రక్తస్రావం జరగడం ఎక్కువగా పదివేల కింద చూసే సంగతి. అంకెలు ఇంత వరకే చెబుతాయి. ఎనిమిది వేలతో పరుగులు పెట్టే పిల్లవాడున్నాడు, నలభై వేలతో ముక్కులోంచి రక్తం ఆగని పెద్దాయన ఉన్నాడు.

పాత పద్ధతి అంకెనే చూసేది. ఇరవై వేల కిందికి వస్తే ఆసుపత్రిలో చేర్చి స్టెరాయిడ్ మొదలుపెట్టేది. కొత్త పద్ధతి రక్తస్రావాన్ని చూస్తుంది. అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2019లో ఇచ్చిన సూచనల్లో, ఐటీపీ ఉన్న పిల్లలకు చర్మం మీద మచ్చలు తప్ప వేరే ఇబ్బంది లేకపోతే మందు లేకుండా కనిపెట్టుకుని ఉండటమే మేలంది. పెద్దవాళ్లలోనూ ప్లేట్‌లెట్లు ముప్పై వేలు దాటి, రక్తస్రావం స్వల్పంగా ఉంటే స్టెరాయిడ్లు వద్దంది, వాడాల్సి వచ్చినా ఆరు వారాలు మించనివ్వొద్దంది. కారణం ఉంది. పిల్లల్లో చాలామందికి ఈ జబ్బు కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరి కంటే తక్కువలో జరుగుతుంది. స్టెరాయిడ్ వల్ల మొహం ఉబ్బడం, ఆకలి, చిరాకు మాత్రం దాదాపు అందరికీ ఖాయం.

దీనికి ఎదురువాదం కూడా తేలిగ్గా తీసేసేది కాదు. మచ్చలున్న బిడ్డను ఇంటికి పంపాలంటే తల పగిలితే రెండు గంటల్లో చేరగల ఆసుపత్రి ఉండాలి. అరకు లోయలోని గూడెం నుంచి వచ్చిన తల్లికి, హైదరాబాద్‌లో ఉన్న తల్లికి ఒకే సలహా ఎలా ఇస్తారని జిల్లా ఆసుపత్రుల వైద్యులు అడిగితే, ఆ సూచనల్లో సూటైన జవాబు దొరకదు.

మూలుగ పరీక్ష మీద గొడవా ఇలాంటిదే. బిడ్డ హుషారుగా ఉండి, కాలేయం, ప్లీహం పెరగకుండా, రక్తకణాలు లెక్కించే సీబీపీలో మిగతా అంతా సవ్యంగా ఉంటే మూలుగ తీయాల్సిన పని లేదని పాశ్చాత్య మార్గదర్శకాలు చెబుతాయి. లుకేమియా అయితే స్టెరాయిడ్ దాన్ని కొన్నాళ్లు కప్పిపుచ్చుతుందేమోనన్నది వ్యతిరేకుల భయం. ఈ వివాదంలో అసలు కీలకం మూలుగ సూది కంటే ముందే ఉంది: స్మియర్‌ను చదివే కన్ను. అనుభవమున్న పాథాలజిస్టు గాజుపలక మీద రక్తపు పొరను స్వయంగా చూస్తే క్యాన్సర్ కణాలు చాలా సందర్భాల్లో అక్కడే దొరుకుతాయి. యంత్రం అంకెలను మాత్రమే నమ్ముకున్న చోట మూలుగ తీయించమనడమే న్యాయం.

యంత్రం చేసే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. సీబీపీకి రక్తం తీసే ఊదా మూత గొట్టంలో గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలో అదే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తుంది. యంత్రం ఆ గుంపుల్ని లెక్కలోకి తీసుకోదు, రిపోర్టులో ముప్పై వేలు పడుతుంది, మనిషి ఒంట్లో రెండు లక్షలు ఉంటాయి. నీలం మూత గొట్టంలో మళ్లీ తీసి, స్మియర్ చూస్తే గుట్టు బయటపడుతుంది. పశ్చిమ బెంగాల్ రక్తదాతల్లో పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు తక్కువగా, పరిమాణంలో పెద్దవిగా ఉండి, ఏ రక్తస్రావమూ లేనివారు గణనీయంగా ఉన్నారని వెల్లూరు వైద్యులు రాశాక ఈ జాగ్రత్త మరింత అవసరమని తెలిసింది. ఇలాంటివారికి ఐటీపీ ముద్ర వేసి ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు మింగిస్తే అది వైద్యం చేసిన గాయమే.

డెంగీ సీజన్ లెక్కలు

తెలుగు రాష్ట్రాల్లో ఊదా చుక్కలు, ప్లేట్‌లెట్లు ఇంటింటి మాటలైంది డెంగీ వల్లే. వానలు పడ్డాక రెండు మూడు నెలల పాటు "ఎంతకు పడ్డాయి?" అన్నదే పలకరింపు. ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్ల) దాతల కోసం వాట్సాప్ సందేశాలు తిరుగుతాయి, బొప్పాయి ఆకు రసం మిక్సీల్లో తిరుగుతుంది.

డెంగీలో చుక్కలు రావడానికి ప్లేట్‌లెట్లు తగ్గడం ఒక కారణమే. కేశనాళికల గోడలు కూడా బలహీనపడతాయి. దీన్ని చూసే పాత పరీక్ష ఉంది. బీపీ పట్టీని చేతికి కట్టి, పై అంకెకు కింది అంకెకు మధ్య ఒత్తిడిలో ఐదు నిమిషాలు ఉంచి, విప్పాక మోచేతి మడత కింద ఒక చదరపు అంగుళంలో చుక్కలు లెక్కపెడతారు. పది, అంతకు మించి ఉంటే పాజిటివ్. దీని వల్ల డెంగీ ఉందని నిర్ధారించలేం, లేదని తోసిపుచ్చలేం. అయినా ల్యాబు లేని చోట ఇదొక ఆసరా.

చావులకు ప్రధాన కారణం రక్తంలోని ద్రవం నాళాల్లోంచి కారిపోయి షాక్‌లోకి వెళ్లడం. అది జ్వరం తగ్గుతున్న రోజుల్లో, 'హమ్మయ్య' అనుకునే వేళ జరుగుతుంది. ఆ దశలో చూడాల్సిన అంకె, రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే హెమటోక్రిట్. అది పెరుగుతోందంటే ద్రవం కారిపోతున్నట్టు. ఆగని వాంతులు, కడుపునొప్పి, మగత ప్రమాద సూచనలు. ప్లేట్‌లెట్లు ముందస్తుగా ఎక్కిస్తే మేలా అన్న ప్రశ్నకు సింగపూర్, మలేసియా ఆసుపత్రుల్లో 372 మంది పెద్దవాళ్ల మీద జరిగిన పరిశీలన 2017లో ఫలితం చెప్పింది. ఇరవై వేలు, అంతకన్నా తక్కువ ఉన్నవారిలో ఎక్కించినా రక్తస్రావం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. మన జాతీయ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనప్పుడు ముందస్తుగా ఎక్కించడానికి పదివేల కింది హద్దునే పేర్కొన్నాయి. అయినా యాభై వేల దగ్గరే బంధువులు ఒత్తిడి చేస్తారు, కొన్ని ఆసుపత్రులు కాదనవు. బొప్పాయి ఆకు విషయానికొస్తే, కొన్ని చిన్న పరిశీలనల్లో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగినట్టు కనబడింది. ప్రాణాలు నిలబడ్డాయనో రక్తస్రావం తగ్గిందనో నమ్మకంగా చూపించిన పరిశీలన లేదు. అంకెను నమ్మే సమాజంలో అంకెను పెంచే ఆకుకు గిరాకీ తగ్గదు. జ్వరానికి పారాసెటమాల్ సరిపోతుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి పోకూడదన్న ఒక్క విషయంలో మాత్రం అన్ని పక్షాలదీ ఒకటే మాట.

గోడలో లోపం

ప్లేట్‌లెట్లు సవ్యంగా ఉండి కూడా మచ్చలు వస్తే చూపు రక్తనాళం మీదికి మళ్లాలి. ఇక్కడ కారణాలు ఒకదానికొకటి పోలిక లేనివి.

వయసుతో, ఎండతో చర్మం కింది ఆసరా కణజాలం అరిగిపోయి, తలుపు గడియ తగిలినా ముంజేతి మీద పెద్ద ఊదా మచ్చ పడుతుంది. బేట్‌మన్ చెప్పినది ఇదే. నల్లని చర్మానికి ఎండ నుంచి కొంత రక్షణ ఉన్నా వయసు నుంచి లేదు. స్టెరాయిడ్ వాడకం కూడా ఇలాంటి పని చేస్తుంది. మొహం తెల్లబడాలని ట్యూబుల మీద ట్యూబులు పూసుకునే అలవాటు ముదిరాక 2018లో కేంద్రం చర్మానికి రాసే స్టెరాయిడ్లు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. మోకాళ్ల నొప్పులకు ఇచ్చే పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మే రివాజు దానికి లొంగలేదు. గుండె జబ్బుకు వేసుకునే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ అంకెను తగ్గించకుండానే ప్లేట్‌లెట్ల పని తగ్గిస్తాయి. వాల్వు మార్చినవారు రక్తం గడ్డకట్టకుండా వాడే ఎసిట్రోమ్ మోతాదు మించితే శరీరమంతా కమిలిన మచ్చలు వస్తాయి, అప్పుడు రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్ఆర్ చూడక తప్పదు. మందుల చీటీ అడగకుండా మచ్చకు కారణం వెతకడం వృథా ప్రయాస.

విటమిన్ సీ లోపం పుస్తకాల్లో మాత్రమే మిగిలిందనుకుంటాం. 1747లో బ్రిటిష్ నౌక మీద వైద్యుడు జేమ్స్ లిండ్ పన్నెండు మంది నావికులతో చేసిన పరీక్షలో నారింజ, నిమ్మ తిన్నవారే త్వరగా కోలుకున్నారు. ఆ జబ్బు ఇప్పుడు ఒంటరిగా టీ, రస్కులతో సరిపెట్టుకునే వృద్ధుల్లో, మద్యం అలవాటున్నవారిలో, రెండు మూడు పదార్థాలు తప్ప ఏదీ ముట్టని ఆటిజం పిల్లల్లో కనబడుతుంది. కాళ్ల మీద వెంట్రుక మొదలు చుట్టూ చుక్క, మెలితిరిగిన వెంట్రుక, వాచిన చిగుళ్లు దాని ఆనవాళ్లు.

చీలమండల దగ్గర కారం చల్లినట్టు రాగిరంగు, ఊదారంగు చుక్కలు ఏళ్ల తరబడి ఉండిపోయే జబ్బును 1901లో షాంబర్గ్ అనే వైద్యుడు వర్ణించాడు. నిరపాయకరమైనది, మొండిది. విటమిన్ సీ, రూటిన్ మాత్రలు, కాంతి చికిత్స అంటూ ఎన్ని చెప్పినా వాటి వెనక ఆధారం పలచనే. చర్మ లింఫోమా తొలిదశ ఎప్పుడైనా ఈ వేషంలో వస్తుందా అన్నది చర్మవైద్యులను ఇంకా విడదీస్తున్న ప్రశ్న. మచ్చలు విపరీతంగా వ్యాపిస్తే ముక్క తీసి పరీక్షించడం ఇరుపక్షాలకూ సమ్మతమే.

ఇక చేతికి తగిలే మచ్చ. వేలితో తడిమితే ఉబ్బుగా తెలుస్తుంది. నాళం గోడకు వాపు వచ్చిందనడానికి ఇదే గుర్తు. పిల్లల్లో పిరుదులు, కాళ్ల మీద ఇలా వస్తే ముందుగా తలచుకోవాల్సింది షోన్‌లైన్, హెనోక్‌ల జబ్బునే. 2012లో ఒక అంతర్జాతీయ సమావేశం దీనికి ఐజీఏ వాస్క్యులైటిస్ అని పేరు మార్చింది. మచ్చలు వాటంతటవే పోతాయి, భయం మూత్రపిండాల గురించే. మొదట్లోనే స్టెరాయిడ్ ఇస్తే మూత్రపిండాలు కాపాడబడతాయని చాలాకాలం ఆశించారు. బ్రిటన్‌లో జరిగి 2013లో ప్రచురితమైన పరిశీలనలో ఏడాది తర్వాత చూస్తే తేడా కనబడలేదు. కడుపునొప్పికి స్టెరాయిడ్ ఉపశమనమిస్తుంది, అంతవరకే. అందుకే ఆరు నెలల పాటు మూత్రపరీక్ష, బీపీ చూపించుకోవడం స్టెరాయిడ్ కన్నా ముఖ్యం. మచ్చలు మాయమయ్యాక ఆ పరీక్షలకు తిరిగొచ్చేవారు తక్కువన్నదే బాధ. పెద్దవాళ్లలో ఇలాంటి మచ్చకు మందులు, హెపటైటిస్ సీ, లూపస్, అరుదుగా క్యాన్సర్ కారణమవుతాయి. చాలామందిలో ఏ కారణమూ దొరకదు.

జ్వరం తోడైతే

వాదోపవాదాలు గంటల మీద ఆధారపడేది ఇక్కడే. మెనింగోకాకస్ సూక్ష్మజీవి రక్తంలో చేరితే పొద్దున కనబడిన చుక్క సాయంత్రానికి అరచేయంత మచ్చ కాగలదు. బ్రిటన్‌లో గాజుగ్లాసు పరీక్షను తల్లులకు నేర్పింది దీని కోసమే. జ్వరం, మాయని చుక్కలు ఉన్న ప్రతి బిడ్డకూ వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వాలన్నది పాత నియమం. టీకాలు వచ్చాక జబ్బు తగ్గింది. అక్కడి ఆసుపత్రుల్లో పదమూడు వందల పైచిలుకు పిల్లలను చూసి 2020లో వెలువరించిన అధ్యయనంలో ఇలాంటివారిలో మెనింగోకాకస్ ఉన్నది సుమారు నూటికి ఒకరికే. అందరికీ సూది వేయడం అతి అని ఒక వర్గం, ఆ ఒక్కరు మన బిడ్డ అయితే అని ఇంకో వర్గం. బిడ్డ హుషారు, చుక్కలు పెరిగే వేగం, రక్తపరీక్ష చూసి నిర్ణయించాలన్న మధ్యేమార్గం ఇప్పుడు బలపడుతోంది. దగ్గు, వాంతుల వల్ల వచ్చే చుక్కలు రొమ్ముల ఎగువన, మొహం, మెడ మీదే ఉంటాయన్న పాత గుర్తు ఈ మధ్యేమార్గానికి ఒక ఆధారం.

ఆ లెక్కలను ఇక్కడికి నేరుగా తెచ్చుకోలేం. ఆ టీకాలు మన జాతీయ కార్యక్రమంలో లేవు. మన జ్వరాల జాబితా వేరు. పిడుదుల కాటుతో వచ్చే టిక్ టైఫస్‌లో అరచేతులు, అరికాళ్లతో సహా ఊదా చుక్కలు వస్తాయి. దాని దగ్గరి చుట్టం స్క్రబ్ టైఫస్ కేసులను తిరుపతి ప్రాంత వైద్యులు ఏళ్లుగా నమోదు చేస్తున్నారు. దాంట్లో చంకలోనో గజ్జలోనో నొప్పి లేని నల్లటి పక్కు కడుతుంది, బట్టలు విప్పి వెతికితే తప్ప దొరకదు. రెంటికీ డాక్సీసైక్లిన్ చవకైన మందు, రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టాల్సిన మందు.

పక్కపక్కన పెడితే

చదునుగా, చేతికి తగలకుండా, మోకాళ్ల కింద ఆవగింజల్లాంటి చుక్కలు ఉంటే అనుమానం ప్లేట్‌లెట్ల మీద. ఉబ్బుగా తగిలితే నాళం వాపు మీద. లోతుగా, పెద్దగా కమిలి, కీళ్లలో కూడా రక్తం చేరితే గడ్డకట్టే పదార్థాల లోపం, హీమోఫీలియా, కాలేయ జబ్బు, పలచబరిచే మందుల మీద. ముంజేతులకే పరిమితమై మనిషి ఆరోగ్యంగా ఉంటే వయసు మీద.

తొందరపడాల్సిన గుర్తుల్లో వివాదం లేదు: జ్వరం, నోట్లో రక్తపు బుడగలు, చిగుళ్లలోంచో ముక్కులోంచో ఆగని రక్తం, నల్లటి విరేచనం, తీవ్రమైన తలనొప్పి, అకారణంగా పాలిపోవడం, గంటల్లో పెరిగే మచ్చ. ఏపీఎల్ అనే ఒక రకం లుకేమియాలో మొదటి కొద్ది రోజుల్లోనే మెదడులో రక్తస్రావంతో ప్రాణం పోవచ్చు. విటమిన్ ఏ సంబంధిత మందు ఏట్రా అనుమానం రాగానే మొదలుపెడితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మచ్చల వెనక ఉన్న క్యాన్సర్లలో నయమయ్యే అవకాశం ఎక్కువున్నదీ, ఆలస్యానికి కఠినమైన శిక్ష వేసేదీ ఇదే.

తేలనివి

మచ్చ రంగును బట్టి దెబ్బ తగిలి ఎన్నాళ్లయిందో చెప్పొచ్చని ఫోరెన్సిక్ పుస్తకాలు రోజుల వారీగా పట్టికలు ఇచ్చాయి. ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, పసుపు. తర్వాతి అధ్యయనాలు ఈ పట్టికలను నమ్మొద్దన్నాయి. ఒకే రోజు తగిలిన రెండు దెబ్బలు రెండు రంగుల్లో ఉండొచ్చు. అయినా కోర్టుల్లో ఆ లెక్క ఇంకా వినబడుతూనే ఉంది. నల్లని చర్మం మీద ఆ రంగుల వరస ఎలా ఉంటుందో చూసిన పని చాలా తక్కువ.

2020లో కోవిడ్ తొలి అలలో కాలివేళ్ల మీద ఊదా మచ్చలు వచ్చాయని యూరప్ నుంచి వరసగా కథనాలు వచ్చాయి. అలాంటి చాలామందికి పరీక్షల్లో వైరస్ గానీ యాంటీబాడీలు గానీ దొరకలేదు. వైరస్‌కు శరీరం వేగంగా స్పందించి పరీక్షకు దొరకకుండా తరిమేసిందని కొందరు, ఇంట్లో చలి నేల మీద ఒట్టి కాళ్లతో తిరిగిన ఫలితమని ఇంకొందరు. వాదన ఇప్పటికీ నడుస్తోంది. 2021లో ఆస్ట్రాజెనెకా టీకా తర్వాత బహు అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డలు కట్టిన ఘటనల విషయంలో మాత్రం కొన్ని వారాల్లోనే కారణమైన యాంటీబాడీ దొరికింది. అది కొందరిలోనే ఎందుకు పుడుతుందన్నది ఇంకా తవ్వుతున్నారు.

మన వరకు మిగిలిన పెద్ద ఖాళీ వేరు. జ్వరంతో, మాయని చుక్కలతో తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులకు వచ్చే పిల్లల్లో డెంగీ ఎందరు, టిక్ టైఫస్ ఎందరు, లుకేమియా ఎందరు, ఏమీ లేనివారెందరు అన్న లెక్కను బ్రిటన్ తీసినట్టు అనేక ఆసుపత్రులు కలిసి తీయాలి. అందుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. గాజుగ్లాసు, స్మియర్ పలక, ఒక రిజిస్టరు, ఆర్నెల్ల తర్వాత ఆ బిడ్డ ఎలా ఉన్నాడో కనుక్కునే ఒక ఫోన్ కాల్ ఉంటే మొదలుపెట్టొచ్చు.